గోడ ఫోటోల కెమెరా

కెమెరా కొనాలన్న కోరిక నాకు ఫోటోల మీద ప్రేమతో మొదలు కాలేదు. ఊరికే నిలబడాలన్న కోరికతో మొదలైంది. మద్రాసులో ఆడమనిషి బస్సు కోసం నిలబడొచ్చు, చేపల అంగట్లో బేరమాడుతూ నిలబడొచ్చు, గుడి బయట చెప్పులకు కాపలాగా నిలబడొచ్చు. కూవం నది వంతెన మీద ఊరికే ఆగి అవతలి గట్టు చూస్తే మాత్రం ఎవరో ఒకరు బండి ఆపి "ఏమైందమ్మా" అంటారు. మెడలో కెమెరా వేసుకున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. నలభై దాటాక గానీ నాకీ సంగతి తెలియలేదు.

తెలియజెప్పింది మా కంపెనీలో నా పక్క బల్ల ఆమె. మేమిద్దరం అంబత్తూరు ఎస్టేట్‌లో ఇంజనీరింగు సామాను తయారుచేసే చోట ఇన్‌స్పెక్షన్ గదిలో పనిచేస్తాం. మిషన్ల మీంచి వచ్చిన ముక్కలను భూతద్దం కింద పెట్టి, గీత పడిందా, అంచు విరిగిందా అని చూసి, బాగాలేనివి ఎర్ర ట్రేలో పడేస్తాం. ఇంట్లో కూడా నాది అదే చూపని మా ఆయన వెక్కిరిస్తుంటారు. ఆమె ఆదివారాలు తెల్లవారకముందే లేచి, కెమెరాలు పట్టుకుని ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళ గుంపుతో పోతుంది. ఒకరోజు భోజనాల వేళ తన కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. చిన్నది, నల్లది, టిఫిన్ డబ్బా పక్కన సంచిలో ఇమిడిపోయేది. దానికి ఒకటే లెన్స్, తీసి మార్చడానికి లేదు, జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే మనమే నడిచి దగ్గరికి పోవాలి. చలికాలంలో వాళ్ళందరూ ధనుష్కోడి పోతున్నారట, "నువ్వూ రావే" అంది.

నేను చూసిన ఊళ్ళన్నీ పెళ్ళిళ్ళకు పోయినవే, లేకపోతే మొక్కులకు. కాంచీపురంలో కల్యాణమండపం తెలుసు, వేలూరులో కల్యాణమండపం తెలుసు, తిరుత్తణిలో కొండ మెట్లు తెలుసు. ఏ ఊళ్ళోనైనా నాకు నచ్చిన సందులోకి తిరిగిన గుర్తు లేదు. అందుకని ఆ చిన్న కెమెరా కొనాలనీ, ధనుష్కోడి పోవాలనీ ఒకేసారి తీర్మానించుకున్నాను. లోకల్ రైల్లో పోతూ వస్తూ ఫోన్‌లో దాని గురించి దొరికినదంతా చదివాను. జూమ్ లేని కెమెరా కొనవద్దని చెప్పినవాళ్ళ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చేది.

ఇక ఇంట్లో చెప్పాలి. చింతాద్రిపేటలో మాది పాత ఇల్లు. ముందు హాలు, నడవ, వెనక వంటిల్లు. మా ఆయన, నేను, మా అత్త ఒకవైపు ఉంటాం. నడవకు అవతలి గదుల్లో మామగారి అన్న ఉండేవారు. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు కనుక ఆ ఇంటికి పెద్ద ఆయనే. పెద్దమామ అని పిలిచేదాన్ని. మా ఇంట్లో ఎవరు ఏమి కొన్నా ముందు హాల్లో చెప్పి కొనాలి. ఆఖరికి మిక్సీ జారు మూత కూడా.

అన్నాలప్పుడు చెప్పాను. "కెమెరా కొందామనుకుంటున్నాను."

"ఫోన్లో ఉండాది కదమ్మా," అంది అత్త. "అప్పరం ఇంకోటి ఎందుకు?"

అక్కడ నేను నిజం చెప్పాల్సింది. నా కోసం, నేను తిరగడానికి అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ మా ఇళ్ళలో ఆడవాళ్ళం మాకు కావలసినది మాకు కావాలని అడగం. కొత్త చీర కావాలంటే పాతది పనిమనిషికి ఇచ్చేశానంటాం. ఆకలేస్తే పిల్లలకు ఆకలేస్తోందంటాం. ఆ అలవాటే నా నోట వచ్చింది.

"ఇంట్లో ఫంక్షన్లకు పనికొస్తుంది కదత్తా."

అంతే, అది నా కెమెరా కాకుండా పోయింది. ఇంటికి పనికొచ్చే వస్తువు కనుక ఇంటిల్లిపాదీ ఎంచాలి. శనివారం రాహుకాలం దాటాక నలుగురం ఒకే ఆటోలో ఇరుక్కుని అంగడికి పోయాం. అంగడి ఆయన చిన్నదీ పెద్దదీ రెండూ బల్ల మీద పెట్టాడు. చిన్నదాన్ని నేను తీసి పట్టుకున్నాను. పెద్దమామ దాన్ని నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బొమ్మ మాదిరి ఉండాదే. సీమంతానికి ఇది తీసుకొని పోతే నవ్వుతారు." తర్వాత అంగడి ఆయన వైపు తిరిగి తమిళంలో అడిగారు, ముఖం మాత్రం స్పష్టంగా వచ్చి వెనకదంతా మసకగా పోయే లెన్స్ ఉందా అని. ఉంది. అది పెద్ద కెమెరాకే పడుతుంది. నెత్తిన ఫ్లాష్ కూడా తగిలించొచ్చు. ఆ లెన్స్‌తో అక్కడే పెద్దమామను ఒక ఫోటో తీశారు. ఆయన ముఖం ఎంత బాగా వచ్చిందంటే కాసేపు ఆయనే నమ్మలేదు.

"ఇదే," అన్నారు. మా ఆయన తల ఊపారు. అత్త "బాగుండాది" అంది. అందరూ నా వైపు చూశారు. నేను కూడా బాగుందన్నాను. నేను ఎప్పుడూ అంతే, బాగాలేని ముక్కలను ఎర్ర ట్రేలో పడేసే ధైర్యం కంపెనీ గేటు దగ్గరే వదిలేసి వస్తాను.

ఇంటికి రాగానే అత్త కొత్త వస్తువని కెమెరాను దేవుడి ముందు పెట్టి, గంధం కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు పెట్టడానికి దానికి నుదురు ఎక్కడుందో తెలియక లెన్స్ అద్దం నడిమధ్యన పెట్టింది. పాపం, అదే దాని ముఖం అనుకుంది. ఆ గంధం తుడవడానికి మెత్తటి గుడ్డ పట్టుకుని నేను ఆదివారం పొద్దంతా కూర్చున్నాను. ఆ ఆదివారమే కెమెరాల ఆడవాళ్ళ గుంపు ఎన్నూరు పోయింది.

తర్వాతి ఆదివారాలూ అలాగే పోయాయి. చెవులు కుట్టించడం, గృహప్రవేశం, షష్టిపూర్తి. అత్త ఫోన్ తీసి "మా కోడలు వస్తాదిలే, పెద్ద కెమెరా కొనుండాది" అని గర్వంగా చెప్పేది. నేను చేతులు పీకేలా దాన్ని మోసుకుని పోయి, పొగలో, చెమటలో, అందరూ మూసిన కళ్ళు తెరిచేదాకా కాచుకుని తీసేదాన్ని. "ఇంకొకటి తీయక్కా, నా చీర అంచు పడలేదు" అనేవాళ్ళు. వంటవాళ్ళతో పాటు ఆఖరి పంక్తిలో తినేదాన్ని, అప్పటికి అప్పడాలు అయిపోయి ఉండేవి. ఆ ఏడాది ఏ ఫోటోలోనూ నేను లేను. మా ఆయనతో మొరపెట్టుకుంటే, "నువ్వే కదా ఫంక్షన్లకు పనికొస్తుందన్నావు" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, అందుకే ఇంకా మండిపోయింది.

ఒకరోజు పెద్దమామ నన్ను హాల్లోకి పిలిచారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నారు. తలకు నూనె రాసి దువ్వుకున్నారు.

"నా గోడ ఫోటో తీయమ్మా," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన వీధి వైపు చెయ్యి చూపించారు. మా వీధి మొగలో గోడ మీద ఒక పోస్టరు ఉంది. మద్రాసులో మనిషి పోతే వీధి గోడల మీద కన్నీటి అంజలి అని ఫోటోతో పోస్టర్లు వేస్తారు. ఆ పోస్టరు పెద్దమామ స్నేహితుడిది. ఏదో పెళ్ళి గుంపు ఫోటోలోంచి ఆయన ముఖం కత్తిరించినట్టున్నారు, భుజం మీద ఎవరిదో చెయ్యి మణికట్టు దాకా ఉండిపోయింది.

"పావం, ఎంత మనిషి వాడు. ఆ చెయ్యి ఎవరిదో యాడదో. నాకు అట్లా కాకూడదు. ఇప్పుడే తీసి పెట్టుకుంటా. దానికే గదా ఆ లెన్సు కావల్లన్నాను."

అంగట్లో ఆయన ఎంచింది ఇందుకని అప్పుడు తెలిసింది. నాకు నవ్వు వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. నేను లోకం చూడాలని కెమెరా అడిగితే, ఆయన లోకం వదిలిపోయేటప్పటి ముఖం కోసం దాన్ని ఎంచారు. అయినా కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఫ్లాష్ తీసేశాను. "నవ్వాలా వద్దా?" అని అడిగారు. మీ ఇష్టం అన్నాను. నవ్వబోయి మానుకున్న ముఖం ఒకటి పడింది. నేను అప్పటిదాకా తీసినవాటిలో అంత మంచి ఫోటో లేదు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి బీరువాలో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ తీసి చూపించేవారు. అది చూసి పెరంబూరులో ఉన్న అత్త మేనత్త, మంచం మీదున్న పెద్దావిడ, తనకూ ఒకటి తీయమని కబురు పంపింది. పోయి తీసి వచ్చాను.

వానలు మొదలైనప్పుడు పెరంబూరు ఆవిడ పోయింది. ఆ వానలు వెలిసేలోపే పెద్దమామ నిద్రలోనే పోయారు. ఆయనకు గుండెజబ్బు ఉంది, ఆవిడ పడకేసి చాలా కాలమైంది. కానీ వీధి గోడ మీద, పేపర్లో, హాల్లో దండ కింద, అంతటా నేను తీసిన ఫోటోలే. వచ్చినవాళ్ళు ఫోటోలో ఎంత జీవకళ ఉందో అని మెచ్చుకుంటూనే ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కర్మ రోజు నా చెవిన పడింది. "ఆ కెమెరా ముందు కూర్చుంటే గోడెక్కినట్టే."

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మొదట నేను గమనించలేదు. ఒక నామకరణానికి అతిథిలా పోయి, అలవాటు కొద్దీ కెమెరా ఎత్తితే, బిడ్డ తల్లి నవ్వుతూనే కొంగు తీసి బిడ్డ ముఖం మీద కప్పింది. నేను కెమెరా దించేశాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బాత్రూంలో నీళ్ళు వదిలి ఏడ్చాను. నన్ను చూసి భయపడే మనుషులు ఉంటారని ఎన్నడూ అనుకోలేదు.

కానీ మరుసటి ఆదివారం ఖాళీగా ఉంది. ఆ పై ఆదివారం కూడా. ఎవరూ పిలవలేదు, అత్త ఎవరికీ మాట ఇవ్వలేదు. నేను లేచి, వంట చేసి మూతలు పెట్టి, ఆ గుంపుతో ఎన్నూరు పోయాను. లారీల దుమ్ములో నడిచి సముద్రపు పాయ ఒడ్డుకు చేరాం. నడుము లోతు నీళ్ళలో మగవాళ్ళు వంగి చేతులతో రొయ్యలు తడుముతున్నారు. వాళ్ళ వెనకాల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. నీళ్ళ అడుగున బూడిద. అందమైన చోటేమీ కాదు. నేను గట్టు మీద చాలాసేపు ఫోటో తీయకుండా నిలబడ్డాను. ఎవరూ ఏమైందని అడగలేదు. పెళ్ళయ్యాక అంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు చేసుకోబోయి మానేశాను.

ఆ పెద్ద కెమెరా మాత్రం మెడ నరాలు లాగేసింది. ఇక ఫంక్షన్లు లేవు కదా, ఇది నాకెందుకు? దాన్ని ఇచ్చేసి చిన్నది తీసుకోవచ్చేమో కనుక్కుందామని ఒంటరిగా అంగడికి పోయాను. అంగడి ఆయన నన్ను గుర్తుపట్టి, పెద్దది తెస్తే మార్చి ఇస్తానన్నాడు. చిన్నదాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని ఉన్నాను. ధనుష్కోడి పోవడానికి రామేశ్వరం దాకా రైలు టిక్కెట్టు అప్పటికే నా ఫోన్లో ఉంది. ఇంట్లో చెప్పలేదు, కానీ ఈసారి నా కోసమని చెప్పడానికి మాటలు కూడబెట్టుకున్నాను. ఇంటికి నడిచి వస్తుంటే నా నడక నాకే కొత్తగా అనిపించింది.

హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసి ఉంది. దాంట్లో అత్త కూర్చుని ఉంది. లక్క ఎరుపు పట్టుచీర, చెవులకు కమ్మలు, నుదుట విభూతి. ఒళ్ళో నా కెమెరా ఉంది.

"ఎవరింటికి పోతా ఉండావత్తా?" అన్నాను. ఆమెతో ఉండీ ఉండీ నాకూ ఆమె మాటే వస్తుంది.

"యాడికీ లేదు. ఈడనే. నన్ను ఒక ఫోటో తీయి."

నేను చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడ్డాను.

"గుడికాడ ఆ ఎదురింటామె అంటాది, మీ కోడలు చేతిలోది కెమెరా కాదంట, యముడి పాశమంట. నాకు కడుపు రగిలిపోయింది. మా ఇంటి పిల్లనా అంత మాట అనేది? ఇన్నాళ్ళూ వీళ్ళ పిల్లల చెవులకాడా ముక్కులకాడా నిలబడి చేసినావే, దానికి ఇదా? నేను రాయి మాదిరి ఉండా. షుగరు లేదు, బీపీ లేదు. నన్ను తీయి. నేను బాగా తిరుగుతా ఉంటే ఒక్కొక్కరి నోరు దానంతట అదే మూసుకుంటాది."

"వద్దత్తా," అన్నాను.

"భయమా? పిచ్చిదానా, నాకేం కాదు."

ఆమె నా భయం గురించి అనుకున్నది తప్పు. ఆమెకేదో అవుతుందని కాదు నా భయం. ఏమీ కాదని. ఆ అపవాదు ఒక్కటే నాకు ఇంట్లోంచి బయటికి పోయే దారి అని, అది అలాగే ఉండనివ్వమని ఏ నోటితో చెప్పను? పెద్దామె ప్రాణం ఒడ్డుతున్నానని అనుకుంటోంది. ఆమెకు ఆ మాట మీద నమ్మకం లేదని కాదు, ఉంది. రెండో చెయ్యి మాటిమాటికీ నుదుటి విభూతిని తడుముకుంటోంది. నమ్మి కూడా వచ్చి కూర్చుంది, నా కోసం. ఈ ఇంట్లో నా కోసం ఎవరైనా ఏదైనా చేయడం అదే మొదటిసారి.

"ఈ కెమెరా మార్చేద్దామనుకుంటున్నానత్తా," అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

"అమ్మితే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టే గదా! బాగుండాది నీ తెలివి. ఆడ నిలబడు, తీయి."

నిలబడ్డాను. లెన్స్‌లోంచి చూశాను. పెద్దమామ చెప్పినట్టే వెనకదంతా మసకపోయి, ఆమె ముఖం ఒక్కటే మిగిలింది. కనుబొమ్మల దగ్గర భయం, పెదాల దగ్గర మొండితనం. నేను తీయకుండా ఇంకాసేపు ఉంటే ఆమె లేచి పోతుందేమోనని ఆశపడ్డాను. పోలేదు. కళ్ళు కూడా ఆర్పకుండా, ఊపిరి బిగబట్టి, నా కోసం కాచుకుంది. నొక్కాను.

ఆ ఫోటోను ఆమె మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తనే పెట్టించింది. కింద మా ఆయన చేత రాయించింది, మా కోడలు తీసింది, నేను సుఖంగా ఉన్నాను అని. కొన్నాళ్ళు గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. ఆమె గుడికి పోయింది, చేపల అంగడికి పోయింది, కావాలని మెట్లెక్కి మేడ మీద బట్టలు ఆరేసింది. పొద్దున వంటింట్లో ఆమె గ్లాసు చప్పుడు వినిపిస్తే నా ప్రాణం కుదుటపడేది. ఆ వెంటనే ఫోన్లో ఉన్న రైలు టిక్కెట్టు గుర్తొచ్చేది. ఆమెకు చీమంత జలుబు చేసినా నేను మందులంగడికి పరుగెత్తేదాన్ని, ఎందుకంత పరుగో అడిగితే చెప్పలేను.

చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం నేను ఉద్యోగం నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే హాల్లో ఆమె ఫోన్‌లో మాట్లాడుతోంది. గొంతులో గెలుపు వినిపిస్తోంది.

"సీమంతమా! ఎప్పుడు? ఆ శనివారమేనా? సరి సరి. ఎందుకు రాదు? ముందు నన్నే తీస్తాది, ఆ తరవాత మీ పిల్లని. కెమెరా తీసుకొని పొద్దున్నే వచ్చేస్తాం."

ఆ శనివారం తెల్లవారేసరికి నేను రామేశ్వరం స్టేషన్లో దిగాలి. ఆమె ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. ముఖం వెలిగిపోతోంది. దగ్గరికి వచ్చి నా గడ్డం పట్టుకుంది. అంతకు ముందు ఆమె ఎప్పుడూ నన్ను అలా పట్టుకోలేదు.

"చూసినావా, వాళ్ళే అడిగినారు. ఇప్పుడు నీకు సంతోషమేనా?"

"సంతోషమే అత్తా," అన్నాను.